సాయంత్రానికి కూలబడే పాప పొద్దున్నే నడుస్తోంది: గుడిలో నిద్ర చేసిన మహిమా, జబ్బు లక్షణమా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. మీ అక్క కూతురికి తొమ్మిదేళ్లు. మూడేళ్లుగా నడిచేటప్పుడు కాళ్లు లోపలికి మెలితిరుగుతున్నాయి, మునివేళ్ల మీద నడుస్తోంది, సాయంత్రానికి నిలబడలేక కూలబడిపోతోంది. చూపించిన చోట సీపీ, అంటే సెరెబ్రల్ పాల్సీ (పసితనంలోనే మెదడు దెబ్బతిని కదలికలు కుంటుపడే జబ్బు) అన్నారు. ఈమధ్య గుడిలో మూడు నిద్రలు చేయించారు. మూడు రోజులూ పొద్దున లేవగానే పాప చక్కగా నడిచింది. ఊళ్లో అందరూ మహిమ అంటున్నారు, ఇంకా పదకొండు నిద్రలు చేయించమంటున్నారు. ఇంటికొచ్చిన రోజు సాయంత్రమే మళ్లీ పడిపోయింది. "మా భక్తిలో లోపమా, లేక ఇది వేరే జబ్బా?" అని అడిగారు.

సూటిగా చెప్తాను. మీ భక్తిలో ఏ లోపమూ లేదు. పాపను వీలైనంత త్వరగా న్యూరాలజిస్టుకు చూపించి, "ఇది డోపా రెస్పాన్సివ్ డిస్టోనియా కావచ్చా, లెవోడోపా ఇచ్చి చూడొచ్చా?" అని ఈ మాటల్లోనే అడగండి. డిస్టోనియా అంటే కండరాలు వాటంతట అవే మెలితిరిగి బిగుసుకోవడం. అది లెవోడోపా అనే మందుకు తగ్గే రకమైతే ఆ పేరుతో పిలుస్తారు. నేను పాపను చూడలేదు కాబట్టి ఇదే జబ్బు అని తేల్చి చెప్పలేను. కానీ మీరు రాసినదాంట్లో ఒక్క వాక్యం దగ్గర నేను ఆగిపోయాను. పొద్దున బాగుంటుంది, పొద్దుపోయేకొద్దీ కాళ్లు బిగుసుకుంటాయి, పడుకుని లేస్తే తేరుకుంటుంది. సీపీ ఉన్న పిల్లలు కూడా అలసిపోతే కొంచెం ఎక్కువ ఇబ్బంది పడతారు. అంతేగానీ పొద్దున పరుగు, సాయంత్రం పాకుడు అన్నంత తేడా వాళ్లలో ఉండదు.

నేను ఇరవై నాలుగేళ్లుగా కోస్తాలో ఒక జిల్లా కేంద్రంలో నరాల డాక్టరుగా పనిచేస్తున్నాను. ఈ జబ్బు అరుదు. ఇన్నేళ్లలో నేను గుర్తించినవాళ్లు పదిమంది దాకా ఉంటారు. వాళ్లలో నలుగురు నా దగ్గరికి రాకముందు ఏదో ఒక గుడిలోనో దర్గాలోనో నిద్రలు చేసినవాళ్లే. మా వైపు నెల్లూరు జిల్లాలోని గొలగమూడి, ఏఎస్‌పేట వెళ్లి నిద్ర చేయడం తరతరాలుగా ఉన్నదే. దాన్ని తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు. ఆ నిద్ర తర్వాత పాప నడవడం నిజం. మీరంతా కళ్లారా చూశారు. ఎందుకు నడిచిందో అర్థమైతే, సాయంత్రం కూడా నడిపించవచ్చు. అందుకోసం రాస్తున్నాను.

ఆ నడక వెనక కథ ఇది. మన కదలికలు సాఫీగా సాగాలంటే మెదడులో డోపమైన్ అనే పదార్థం కావాలి. ఈ జబ్బున్న పిల్లల్లో దాన్ని తయారుచేసే దారిలో ఒక ఎంజైము పుట్టుకతోనే తక్కువగా ఉంటుంది. మెదడు దెబ్బతినదు, ఎంఆర్ఐ తీస్తే మామూలుగానే ఉంటుంది. సరుకే చాలదు. ఊళ్లో ఓవర్‌హెడ్ ట్యాంకు ఉంది, మోటారు మాత్రం బలహీనం అనుకోండి. రాత్రంతా సన్నగా ఎక్కిన నీళ్లతో పొద్దున ట్యాంకు నిండుగా ఉంటుంది. అందరూ వాడుకుంటూ ఉంటే సాయంత్రానికి అడుగంటుతుంది. మళ్లీ రాత్రికి నిండుతుంది. పాప మెదడులో డోపమైన్ సంగతీ అంతే. నిద్రలో కూడుతుంది, మెలకువలో ఖర్చవుతుంది.

మరి ఇంట్లో కూడా రోజూ పడుకుని లేస్తుంది కదా, గుడిలోనే ఎందుకు అంత బాగా నడిచింది అని మీకు అనిపిస్తుంది. నేను చూసిన కుటుంబాలను అడిగి తెలుసుకున్నది చెప్తాను. గుడిలో పిల్లలు తొందరగా పడుకుంటారు. ఫోను లేదు, టీవీ లేదు. తెల్లవారుజామున లేపి, స్నానం చేయించి, ప్రదక్షిణకు నడిపిస్తారు. అందరి చూపూ ఆ మొదటి అడుగు మీదే ఉంటుంది. ఇంట్లోనేమో పొద్దున స్కూలు హడావిడి. జడలు వేయడం, టిఫిను పెట్టడం, ఆటో ఎక్కించడం. ఎలా నడుస్తోందో నిలబడి చూసే తీరిక ఎవరికీ ఉండదు. పాప కష్టం కళ్లబడేది సాయంత్రమే. అంటే ఇంట్లో మీరు చూసేది ట్యాంకు అడుగంటిన వేళ, గుడిలో చూసింది నిండుగా ఉన్న వేళ. కావాలంటే ఒక ఆదివారం మధ్యాహ్నం ఇంట్లోనే రెండు గంటలు పడుకోనిచ్చి, లేచాక నడిపించి చూడండి. తేడా కనిపిస్తే డాక్టరుకు తప్పకుండా చెప్పండి.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పాలి. ప్రాక్టీసు మొదలుపెట్టిన మూడో ఏడు అది. సాయంత్రం ఓపీలో ఏడేళ్ల పాపను తల్లి చంకనేసుకుని తెచ్చింది. కాళ్లు రెండూ కత్తెరలా బిగుసుకుని ఉన్నాయి. మోకాలి మీద సుత్తితో కొడితే కాలు ఎగిరిపడింది. నేను సీపీ అని రాసేశాను. వెనక నిలబడ్డ అమ్మమ్మ, "పొద్దున బాగానే ఉంటాది నాయనా, మాపటేలకే ఇట్టా అయిపోద్ది" అంది. నేను తలూపాను గానీ వినలేదు. ఫిజియోథెరపీ, కాలిపర్లు (కాళ్లకు కట్టే ఆసరా పట్టీలు) రాసి పంపించాను. నాలుగేళ్ల తర్వాత, మడమ వెనక టెండాన్ (కండరాన్ని ఎముకకు కలిపే పట్టీ) పొడవు పెంచే ఆపరేషన్‌కు వేరేచోట తేదీ ఖాయమయ్యాక, ఒకసారి నా మాట కూడా విందామని వచ్చారు. ఈసారి పొద్దున ఎనిమిదిన్నరకు వచ్చారు. ఆ పాప తన కాళ్లతో నడుచుకుంటూ నా గదిలోకి వచ్చింది. ఫైలులో నా రాత చూసుకున్నాను, పాప కాళ్లు చూశాను, అమ్మమ్మను కూర్చోబెట్టి ఆ మాట మళ్లీ చెప్పించుకున్నాను.

మెదడులో డోపమైన్‌గా మారే లెవోడోపా, దానికి తోడు కార్బిడోపా కలిసిన మాత్ర సగం ఇచ్చాను. మూడో రోజు రాత్రి వాళ్ల నాన్న ఫోన్ చేశాడు. సాయంత్రం ఆరింటికి పాప డాబా మెట్లెక్కిందని చెప్పి ఇంకేం మాట్లాడలేకపోయాడు. ఆ ఏడాదే అలిపిరి దారిలో 3550 మెట్లూ ఎక్కి తిరుమల వెళ్లొచ్చింది. అమ్మమ్మ నాకు లడ్డూ ఇస్తూ "ఆ సామే నీ చేత ఇప్పించాడు" అంది. నేను ఆమెతో వాదించలేదు. కానీ ఆ నాలుగేళ్లు పాపకు కాలిపర్లు ఒరుసుకుని పుండ్లు పడ్డాయి. అవి నా వల్ల పడ్డవి. అప్పటినుంచి నడక ఇబ్బందితో వచ్చే ప్రతి పిల్లకూ, పిల్లాడికీ ముందు అడిగే ప్రశ్న ఒకటే: పొద్దునకీ సాయంత్రానికీ తేడా ఉందా?

ఈ జబ్బును విడిగా గుర్తించి 1970లలో వివరించినవారు జపాన్ పిల్లల న్యూరాలజిస్టు మసాయా సెగావా. అందుకే సెగావా జబ్బు అని కూడా అంటారు. దీనికి ప్రధాన కారణమైన జన్యువును 1994లో కనుక్కున్నారు. అబ్బాయిల కంటే అమ్మాయిల్లో ఎక్కువ. సాధారణంగా ఐదారేళ్ల వయసులో ఒక పాదం లోపలికి తిరగడంతో మొదలవుతుంది. అమెరికాలో కాలిఫోర్నియాకు చెందిన కవలల సంగతి వైద్యలోకంలో అందరికీ తెలుసు. రెండేళ్ల వయసులో వాళ్లకు సీపీ అన్నారు. తల్లి ఒక పాత పత్రికా కథనంలో ఈ జబ్బు గురించి చదివి, పట్టుబట్టి డాక్టర్లకు చూపించింది. లెవోడోపాతో ఇద్దరూ తేరుకున్నారు. తర్వాత అమ్మాయికి శ్వాస ఇబ్బంది మొదలైతే, హ్యూస్టన్‌లోని బేలర్ వైద్య కళాశాలలో కవలలిద్దరి జన్యుక్రమం మొత్తం చదివారు. లోపం ఇదే దారిలోని ఇంకో ఎంజైములో ఉందని 2011లో ప్రకటించారు. దానికి తగ్గట్టు ఇంకో మందు కలిపితే ఆ ఇబ్బందీ తగ్గింది. ఆ తల్లి చదివిన కథనం లాంటిదే మీకూ ఎదురవ్వాలని ఇంత వివరంగా రాస్తున్నాను.

పార్కిన్సన్స్ జబ్బులో ఇదే లెవోడోపా వాడితే కొన్నేళ్లకు శరీరం ఊగిపోవడం లాంటి ఇబ్బందులు వస్తాయి. ఈ పిల్లల్లో అలా కాదు. చిన్న మోతాదు చాలు, దశాబ్దాల పాటు పనిచేస్తూనే ఉంటుంది. మాత్ర ఖరీదు ఒక టీ ఖరీదు కంటే తక్కువ. ఇంత చవకగా ఇంత పూర్తిగా తగ్గే నరాల జబ్బు నాకు ఇంకొకటి తెలియదు.

మీరు అడక్కపోయినా ఇంకొన్ని జబ్బుల గురించి చెప్తాను. ఎందుకంటే "స్వామి ముట్టుకోగానే లేచి నడిచాడు" అని మీకు ఎవరో ఒకరు చెప్తూనే ఉంటారు. అవన్నీ అబద్ధాలు కావు. కొన్ని జబ్బులు వాటంతట అవే వచ్చి, వాటంతట అవే తగ్గుతాయి. తగ్గే గంటకు పక్కన ఎవరుంటే పేరు వాళ్లకు వస్తుంది. మళ్లీ వచ్చినప్పుడు మాత్రం ప్రాణం మీదకు రావచ్చు.

రైసుమిల్లులో బస్తాలు మోసే కుర్రాడు ఒకడు వచ్చాడు, ఇరవై ఆరేళ్లు. పగలంతా మోత మోసి, రాత్రి బంధువుల పెళ్లిలో కడుపునిండా తిని పడుకున్నాడు. తెల్లవారుజామున నాలుగింటికి మెలకువ వస్తే కాళ్లు కదల్లేదు, చేతులు సగమే లేస్తున్నాయి. మంచంతో సహా ఒక ఆశ్రమానికి మోసుకెళ్లారు. అరుగు మీద పడుకోబెట్టి, విభూతి పెట్టి, కొబ్బరినీళ్లు తాగించారు. మధ్యాహ్నానికి లేచి నిలబడ్డాడు. ఆర్నెల్ల తర్వాత మళ్లీ అలాగే అయ్యింది, మళ్లీ అక్కడే తగ్గింది. తర్వాత ఆ ఆశ్రమంలో తన అనుభవం అందరికీ చెప్పేవాడట. మూడోసారి మా దగ్గరికి తెచ్చినప్పుడు రక్తంలో పొటాషియం 1.9 ఉంది. మామూలుగా 3.5 నుంచి 5 మధ్య ఉండాలి. దీన్ని హైపోకలీమిక్ పీరియాడిక్ పెరాలిసిస్ అంటారు. బాగా కష్టపడ్డాక విశ్రాంతి తీసుకున్నప్పుడో, పిండిపదార్థాలు ఎక్కువగా తిన్నాకో పొటాషియం రక్తంలోంచి కండరాల్లోకి వెళ్లిపోతుంది. కండరాలు పనిచేయవు. కొన్ని గంటలకు అదే వెనక్కి వస్తుంది, మనిషి లేస్తాడు. కొబ్బరినీళ్లలో పొటాషియం దండిగా ఉంటుంది కాబట్టి ఆశ్రమం వాళ్లు తెలియకుండానే కొంత వైద్యం చేశారు కూడా. అతనికి అసలు కారణం థైరాయిడ్ అతిగా పనిచేయడం. దానికి మందులు వాడాక మళ్లీ రాలేదు.

ఇలా ఉన్నట్టుండి కాళ్లు పడిపోయినవాళ్లకు ఊళ్లో గ్లూకోజ్ సీసా ఎక్కించనివ్వకండి. గ్లూకోజ్ రక్తంలో మిగిలిన పొటాషియాన్ని కూడా కండరాల్లోకి నెడుతుంది, గుండె లయ తప్పవచ్చు. కాళ్లు పడిపోవడానికి గులియన్ బారీ (సొంత రోగనిరోధక శక్తే నరాలను దెబ్బతీసే జబ్బు) లాంటి వేరే కారణాలూ ఉంటాయి. అవి ఊపిరి దాకా పాకుతాయి. అందుకే సాయంత్రం దాకా చూద్దామని ఇంట్లో ఉంచకూడదు, పొటాషియం పరీక్ష, ఈసీజీ ఉన్న ఆసుపత్రికి వెంటనే తీసుకెళ్లాలి.

ఇంకొకటి మయస్తీనియా గ్రావిస్, నరాల సందేశం కండరాలకు సరిగా అందని జబ్బు. ఇందులోనూ పొద్దున బాగుంటుంది, సాయంత్రం రెప్పలు వాలిపోతాయి, ఒకటి రెండుగా కనిపిస్తుంది, అన్నం నమల్లేరు. నా పేషెంటు ఒక టీచరమ్మ. నాలుగో పీరియడ్‌కల్లా రెప్ప వాలిపోయేది. దిష్టి అనుకుని మంత్రం పెట్టించుకునేవారు. మంత్రం పెట్టే ఆయన కళ్లు మూయించి అరగంట పడుకోబెట్టేవాడు. లేచేసరికి రెప్ప పైకి వచ్చేది. కళ్లకు విశ్రాంతి ఇచ్చి రెప్ప లేస్తుందా అని చూడటం మేమూ చేసే పరీక్షే, రెప్ప మీద ఐసు పెట్టి చూడటం కూడా. ఆవిడకు ప్రతిసారీ తగ్గింది, కానీ జబ్బు లోపల పెరుగుతూనే ఉంది. ఏడాది తర్వాత జ్వరం వచ్చిన రోజు ఊపిరి ఆడక ఐసీయూలో చేరారు. అదృష్టవశాత్తు బతికారు, ఇప్పుడు మందులతో పాఠాలు చెప్తున్నారు.

ఈ జబ్బు చరిత్రలోనే "అద్భుతం" అనే మాట ఉంది. 1934లో లండన్ గ్రీనిచ్‌లోని సెయింట్ ఆల్ఫీజ్ ఆసుపత్రిలో మేరీ వాకర్ అనే డాక్టరమ్మ, ఈ రోగుల లక్షణాలు కండరాలను కదలనివ్వని క్యురారే అనే విషం ఎక్కినవాళ్ల లక్షణాల్లాగే ఉన్నాయని గమనించారు. ఆ విషానికి విరుగుడైన ఫైసోస్టిగ్మైన్ ఇచ్చి చూశారు. కాసేపట్లోనే వాలిన రెప్పలు లేచాయి, మనిషి మింగగలిగింది. దాన్ని "సెయింట్ ఆల్ఫీజ్ అద్భుతం" అని పిలిచారు. రైసుమిల్లు కుర్రాడికి వచ్చిన తరహా పక్షవాతానికీ పొటాషియం తగ్గడానికీ ఉన్న లంకెను మొదట గమనించినవారిలో కూడా ఆవిడ పేరే చెప్తారు. పెద్ద విశ్వవిద్యాలయం కాదు, పేదల కోసం నడిచే ఆసుపత్రిలో రోగులను దగ్గరుండి చూసుకునే డాక్టరు. పాప అమ్మమ్మ మాట నేను వినని సంగతి గుర్తొచ్చినప్పుడల్లా నాకు మేరీ వాకర్ గుర్తొస్తారు.

చచ్చి బతికినవాళ్ల కథలూ వింటుంటాం. వాటిలో కట్లపాము కాటు కొన్ని. ఈ పాము ఎక్కువగా రాత్రిళ్లు, నేల మీద పడుకున్నవాళ్లను కాటేస్తుంది. నొప్పి ఉండదు, చాలాసార్లు గాటు కూడా కనిపించదు. తెల్లవారుజామున కడుపునొప్పి అంటారు, రెప్పలు వాలతాయి, మాట ముద్దవుతుంది, తర్వాత ఊపిరి ఆగుతుంది. విషం నరం కండరానికి సందేశం అందించే చోటును మూసేస్తుంది. టార్చి వేస్తే కంటిపాప కూడా కదలకపోవచ్చు. చూసేవాళ్లకు అచ్చం శవమే. కానీ మెదడు మేలుకునే ఉంటుంది. ఒక వ్యవసాయ కూలీని ఇలాగే తెచ్చారు. బయట బంధువులు ఏడుస్తున్నారు, ఊళ్లో ఏర్పాట్లు కూడా మొదలుపెట్టారు. పాము విషానికి విరుగుడు ఇచ్చి వెంటిలేటర్ మీద ఉంచాం. నాలుగో రోజు కాలి బొటనవేలు కదిలింది. వారం తర్వాత మాట వచ్చాక, తన పక్కన నిలబడి అన్నదమ్ములు పొలం పంపకం గురించి మాట్లాడుకున్నది మాట పొల్లుపోకుండా చెప్పాడు. ఆ ఇంటివాళ్లు మొక్కు తీర్చుకున్నారు, తీర్చుకోనివ్వండి. కానీ పసరు కోసం తిరిగి ఇంకో గంట ఆలస్యం చేసి ఉంటే అతను దక్కేవాడు కాదు. పాము మంత్రంతో తగ్గినవాళ్ల సంగతి అడుగుతారు. మన దగ్గర తిరిగే పాముల్లో ఎక్కువ శాతం విషం లేనివి. విషమున్న పాము కూడా ఒక్కోసారి విషం వదలకుండా కరుస్తుంది. అలాంటివాళ్లకు ఏ మంత్రమైనా పనిచేసినట్టే ఉంటుంది.

అమ్మవారు ఆవహించిందని ఒక ఇంట్లో ఇరవై ఏళ్ల అమ్మాయిని పీట మీద కూర్చోబెట్టారు. తొమ్మిది రోజులుగా మాట లేదు, తిండి లేదు, ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉంది. జనం వచ్చి కొబ్బరికాయలు కొట్టి వెళ్తున్నారు. ఆశా కార్యకర్త పోట్లాడి ఆసుపత్రికి పంపింది. ఆమెకు చేతులెత్తి మొక్కాలి. అది కెటటోనియా, మనిషి బొమ్మలా బిగుసుకుపోయే స్థితి. లోరాజెపామ్ ఇంజెక్షన్ ఇచ్చిన కాసేపటికి అమ్మాయి చెయ్యి దించి నీళ్లడిగింది. ఇంకొన్నాళ్లు అలా సరిగా నీళ్లు తాగకుండా ఉంటే కిడ్నీలు పోయేవి. ఇలాంటి స్థితి వెనక తీవ్రమైన డిప్రెషన్ ఉండొచ్చు, మెదడు వాపు ఉండొచ్చు. వయసులో ఉన్న ఆడపిల్లల్లో అండాశయంలో చిన్న గడ్డ వల్ల మెదడు మీద సొంత రోగనిరోధక శక్తే దాడిచేసే జబ్బును 2007లో జోసెప్ డాల్మావ్ అనే న్యూరాలజిస్టు బృందం వివరించింది. అంతకుముందు అలాంటి పిల్లలకు ఎంతమందికి దెయ్యం వదిలించారో తలుచుకుంటే బాధేస్తుంది.

ఇంకో మాట కూడా నిజాయితీగా చెప్పాలి. మనసులోని ఒత్తిడి వల్ల కాళ్లు నిజంగా కదలనివాళ్లు ఉంటారు. అది నటన కాదు. వాళ్లలో కొందరికి గుడిలో, దర్గాలో, ప్రార్థనలో నిజంగానే తగ్గుతుంది. అలా తగ్గినవాళ్లను ఎగతాళి చేయకూడదు. మీ పాప విషయంలో మాత్రం సాయంత్రానికి మళ్లీ అదే తంతు మూడేళ్లుగా నడుస్తోంది కాబట్టి ఆ కోణంలో సరిపెట్టుకోవద్దు.

ఇప్పుడు మీరు చేయాల్సిన పనులు చెప్తాను.

రెండు వీడియోలు తీయండి. ఒకటి పొద్దున ఏడింటికి, ఇంకొకటి సాయంత్రం ఏడింటికి, ఒకే చోట, ఎదురుగా పది అడుగులు, వెనక్కి పది అడుగులు. మోకాళ్ల కింది భాగం కనిపించేలా గౌను తొడగండి, చెప్పులు వద్దు. మూడు రోజులు తీస్తే చాలు. డాక్టరు పాపను చూసేది ఏదో ఒక్క పూటే. నా లాంటివాడు చేసే తప్పును ఆ వీడియో ఆపుతుంది. వాటిని బంధువుల గ్రూపుల్లో పెట్టకండి, పాప పెద్దయ్యాక చూసుకుని బాధపడుతుంది.

పుట్టినప్పటి కాగితాలు, పాత ఎంఆర్ఐ తీసుకెళ్లండి. సీపీ అని ఎప్పుడు, ఎవరు, ఏం చూసి అన్నారో అడుగుతారు. పుట్టగానే ఏడ్చిందా, ఏడాదికల్లా నడిచిందా అనేది ముఖ్యం. అప్పుడు బాగా నడిచి ఆరేళ్లకు మొదలైందంటే సీపీ అనే మాటే అనుమానించాలి. ఇంట్లో పెద్దవాళ్లలో ఎవరికైనా చిన్నప్పటినుంచి కాలు ఈడ్చడం, చేతి వణుకు ఉన్నాయేమో కనుక్కోండి. ఈ జబ్బు కుటుంబంలో ఒకరిలో గట్టిగా, ఇంకొకరిలో లీలగా కనిపిస్తుంది.

విల్సన్ జబ్బు పరీక్ష చేశారా అని కూడా అడగండి. అది శరీరంలో రాగి పేరుకుపోయే జబ్బు, కాళ్లుచేతులు ఇలాగే బిగుసుకుపోవచ్చు. మేనరికం పెళ్లిళ్లు ఉన్న ఇళ్లలో ఎక్కువగా చూస్తాం. రక్తంలో సెరులోప్లాస్మిన్ (రాగిని మోసే ప్రోటీను), కంటిలో ఉంగరం లాంటి గీత చూస్తే చాలావరకు తెలిసిపోతుంది. దానికీ మందులున్నాయి, కానీ ఆలస్యమైతే కాలేయం, మెదడు రెండూ పాడవుతాయి.

మందు మీరే కొని వేయకండి. మెడికల్ షాపులో ఈ మాత్రను అమ్మే సిండోపా పేరు చెబితే ఇచ్చేస్తారేమో, అయినా వద్దు. మోతాదు ఎక్కువైతే వాంతులు, చేతులు కాళ్లు ఊగడం వస్తాయి. భయపడి ఆపేస్తారు, మంచి మందు పనిచేయలేదనుకుంటారు. చిన్నగా మొదలుపెట్టి పెంచుకుంటూ నాలుగైదు వారాలు చూడాలి. చాలామందిలో కొద్ది రోజుల్లోనే తేడా తెలుస్తుంది. తేడా రాకపోతే వేరే జబ్బు కోసం వెతుకుతారు, ఆ ప్రయత్నం వల్ల నష్టమేమీ లేదు. ఈ మందు వేసి చూడకుండా కాళ్లకు ఆపరేషన్ ఎవరైనా చెప్తే ఒప్పుకోకండి.

దగ్గర్లో న్యూరాలజిస్టు లేకపోతే హైదరాబాద్ నిమ్స్, తిరుపతి స్విమ్స్, విశాఖ కేజీహెచ్‌లలో ఆ విభాగాలున్నాయి. జన్యు పరీక్ష కావాల్సివస్తే నిమ్స్‌లోనే మెడికల్ జెనెటిక్స్ విభాగం ఉంది. జన్యు పరీక్ష ఫలితం వచ్చేదాకా మందు ఆపాల్సిన పనిలేదు.

గుడి సంగతి. మొక్కుకున్న నిద్రలు చేయించుకోండి, మందు మాత్రం వెంట తీసుకెళ్లండి. ఉపవాసం పెట్టకండి, కాళ్ల మీద వాతలు పెట్టనివ్వకండి, పసర్లు పోయనివ్వకండి. పాపను చూపించి ఎవరైనా కానుకలు అడుగుతుంటే అక్కడినుంచి వచ్చేయండి. పాప ముందు "మహిమ పోయింది, మళ్లీ పడిపోయింది" అనే మాట ఎవరూ అనకుండా చూడండి. నేను చూసిన పిల్లల్లో ఇద్దరు, సాయంత్రం పడిపోవడం తమ పాపమేనని లోలోపల కుమిలిపోయారు. మీరు మేనమామ కదా, పాప చెప్పినా చెప్పకపోయినా మీరే అడగండి.

ఇంకొక్క విషయం. డాక్టరు దగ్గరికి అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడు వీలైతే సాయంత్రం వేళ తీసుకోండి, ఆ రోజు మధ్యాహ్నం పాపను పడుకోనివ్వకండి. పొద్దుటి నడక వీడియోలో చూస్తారు, సాయంత్రం నడక కళ్లెదుట చూస్తారు. చూపించాక వాళ్లేమన్నారో ఇక్కడే రాయండి, చూస్తాను.